ఊడని కనెక్టర్

గడియారాలు బాగుచేసి రిటైరైన ఆ పెద్దాయన, బల్ల మీద రెండు కనెక్టర్లు పెట్టుకుని మూడు రోజులుగా తేల్చుకోలేకపోతున్నాడు. తెల్లది ఇట్టే ఊడొస్తుంది. పసుపుది పట్టుకుందంటే ఉడుం పట్టే. ఆయన రిమోటు పడవలో బ్యాటరీని మోటారుకి కలపాల్సింది ఈ రెంటిలో ఒకటి. పోయిన ఆదివారం తెల్లది పెట్టుకుని వెళితే, పార్కు కొలను నడిమధ్యలో ఊడి కూర్చుంది. గాలికి పడవ ఒడ్డుకి కొట్టుకొచ్చేదాకా రెండు గంటలు రిమోటు పట్టుకుని గుడ్లప్పగించి నిలబడ్డాడు. పసుపుదే మంచిదని ఆయనకీ తెలుసు. కానీ వెంట్రుకంత స్ప్రింగుని ఆడించిన ఆ వేళ్లు ఇప్పుడు చొక్కా బొత్తాం దగ్గరే మొరాయిస్తున్నాయి. భార్య అడిగితే “ఉక్కగా ఉందిలే” అని పై బొత్తాం వదిలేస్తాడు.

చివరికి పసుపుదానికే పూటంతా కూర్చుని తీగలు అతికించాడు. పడవలో బిగించేముందు మోటారుని రిమోటూ స్విచ్చీ లేకుండా నేరుగా బ్యాటరీకి తగిలించి చూశాడు. పడవని నెట్టే బుల్లి పంకా జుయ్యిమని తిరిగింది. మురిసిపోయి, ఇక ఆపుదామని కనెక్టర్ లాగాడు. రాలేదు. పళ్లతో లాగబోతుంటే భార్య చూసి పరుగున వచ్చింది.

“ఇటివ్వండి.” ఆవిడా లాగింది. “నావల్లా కావట్లేదండీ.”

“అదేంటి? సీసా మూతలన్నీ నువ్వే తీస్తావుగా?”

“ఏడాదిగా పక్కింటావిడ చేత తీయించుకుంటున్నా. మీకు చెప్పలేదు.”

ఇద్దరూ చెరో కొస పట్టుకుని లాగారు. తీగ కత్తిరిద్దామంటే కత్తెర నొక్కాల్సిందీ ఆ వేళ్లే. ఇక చేతులు ఒళ్లో పెట్టుకుని, చార్జి అయిపోయేదాకా, తిరుగుతున్న పంకాని చూస్తూ కూర్చున్నారు.