మామ టాంకీ, నా డిప్లొమా

ఆ రోజుల్లో చదువుకున్నవాడంటే అన్నీ తెలిసినవాడని లెక్క. (ఇప్పుడు చదువుకున్నవాళ్ళు మరీ ఎక్కువైపోయి ఆ మర్యాద పోయింది.) నేను మదురైలో మూడేళ్ళు మెషీన్ల చదువు చదివి, డిప్లొమా పుచ్చుకుని, తమిళదేశంలో మా తెలుగువాళ్ళ ఊరైన రాజపాళయం తిరిగివచ్చి ఒక నూలు మిల్లు రిపేరు సెక్షన్లో ట్రైనీగా చేరగానే బంధువులంతా నన్ను ఇంజినీరు అనడం మొదలుపెట్టారు. గోడ గడియారం ఆగితే ఇంజినీరును పిలవండి, బావి గిలక కీచుమంటే ఇంజినీరును పిలవండి. మిల్లులో నా అసలు ఉద్యోగం ఏమిటంటే, ఫోర్‌మన్ స్పానర్ అడిగితే స్పానర్ అందించడం, సైజు తప్పితే తిట్లు తినడం. ఈ సంగతి ఇంట్లో చెప్పవలసిన అవసరం నాకు ఎన్నడూ కనిపించలేదు.

మా మామకు ఒక మోటార్ సైకిల్ ఉండేది. సీమ నుంచి ఓడలో దిగిన బండి, అలాంటివి ఊరంతా వెతికితే నాలుగో ఐదో ఉండేవి. దాని చప్పుడు వీధి మలుపులో వినిపించగానే మా అత్త లేచి అన్నానికి ఆకు వేసేది. మామకు ఒక్కతే కూతురు, నా మరదలు. మావాళ్ళలో మేనరికం అడిగి తెచ్చుకోవలసింది కాదు, కానీ అత్త చూపు మదురైలో జవుళి అంగడి ఉన్న తన అన్న కొడుకు మీద ఉంది. మామ ఎటూ తేల్చకుండా ఇద్దరినీ తూకం వేస్తున్నాడు. సరిగ్గా ఆ సమయానికి బండి టాంకీ కారడం మొదలుపెట్టింది. అడుగున అతుకు దగ్గర ఒక చుక్క ఊరేది, వేలాడేది, పడేది. తరువాత ఇంకొకటి.

ఆడి నెల సారల్లో, అంటే ఆషాఢపు తుంపరల్లో, జలపాతం స్నానాలకని మామ స్నేహితులతో కుట్రాలం బయలుదేరుతూ నన్ను పిలిపించాడు. "ఇదో చూడు అల్లుడూ, నేను పది దినాలు ఊళ్ళో ఉండను. వచ్చేటప్పటికి ఈ కారడం నిలిచిపోవాల. మూడేండ్లు ఏం చదివినావో నేనూ చూస్తాను" అన్నాడు. అది టాంకీ గురించి మాత్రమే కాదని నాకు తెలుసు, తలుపు వెనక నిలబడిన అత్తకు నాకన్నా బాగా తెలుసు. "అదెంత పని మామా" అన్నాను. ఇరవై రెండేళ్ళ వయసులో నోటికి ఆ మాట తప్ప ఇంకొకటి తిరగదు.

మిల్లుకు సెలవు పెట్టి, పద్ధతిగా చేద్దామని మొదట టాంకీ విప్పి చంకన పెట్టుకుని, ఇత్తడి గిన్నెలకు ఈయం, అదే కళాయి, పూసేవాడి దగ్గరకు పోయాను. ఆయన నన్ను కొలిమికి పది అడుగుల దూరంలోనే ఆపేశాడు. గాలి ఒకసారి వాసన చూసి, "వేండాం సామీ, వద్దు. దీనికి మంట చూపిస్తే మీ మామకు బండి ఉండదు, నాకు అంగడి ఉండదు" అన్నాడు. నిండా నీళ్ళు పోసి అతకవచ్చని పుస్తకంలో ఉందని చెప్పాను. "సరి, పుస్తకం రాసినాయన్ని పిల్చుకొని రాండి. ఆయన పట్టుకొని ఉంటే నేను అతుకుతాను" అన్నాడు. పుస్తకం రాసినాయన లండన్లోనో ఎక్కడో ఉంటాడు. టాంకీని మళ్ళీ చంకన పెట్టుకుని వచ్చేశాను.

ఇక నా సొంత తెలివి మిగిలింది. సైకిల్ అంగడిలో ట్యూబులకు పూసే రబ్బరు సొల్యూషన్ తెచ్చి మూడు పూతలు పూశాను. సాయంత్రానికి అది జారు పాయసమైంది. మర్నాడు రోడ్డు వేసేవాళ్ళను బతిమాలి డబ్బాడు తారు తెచ్చాను. తారు రాత్రంతా నిలిచి నాలో ఆశ పుట్టించి, తెల్లవారేసరికి నేల మీద నల్లటి మడుగు కట్టింది. ఆ మర్నాడు మైనం. మైనం గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. చివరికి, మా ఊళ్ళో నేసి ఊరూరా ఆసుపత్రులకు పంపే గాయాల గుడ్డ ఉంది కదా, అది గజాల కొద్దీ తెచ్చి టాంకీ చుట్టూ బిగించి కట్టాను. కారడం ఆగలేదు కానీ చూసినవాళ్ళకు జాలి వేసేది. పక్కింటి ముసలాయన రోజూ పొద్దున్నే తిన్నె మీద నుంచి, "ఏమయ్యా ఇంజినీరు, ఈ దినం ఎట్ల ఉంది?" అని అడిగేవాడు. అత్త మాత్రం ఏమీ అనేది కాదు, మదురై ఉత్తరాలు రాసుకుంటూ కూర్చునేది.

నా మరదలు రోజూ పదకొండు గంటలకు మజ్జిగ తెచ్చి, నేను పనిచేసే కొట్టం గుమ్మంలో కాసేపు నిలబడి, గ్లాసు తీసుకుని పోయేది. ఏడో రోజు పోలేదు.

"బావా, ఒకటి అడుగుతాను, కోపం చేసుకోవు గదా."

"అడుగు."

"చీరకు తారు అంటుకుంటే దేంతో తుడుస్తాము?"

"పెట్రోలుతో."

"మైనం పడితే?"

"పెట్రోలుతోనే."

"మరి పెట్రోలును నిలపడానికి నువ్వు అవే గదా పూసినావు."

మూడేళ్ళు మదురైలో నాకు ఎవరూ ఈ ప్రశ్న వేయలేదు. ఆమె మెల్లగా, ఎవరికో అన్నట్టు చెప్పుకుపోయింది. "నీళ్ళకు కరిగేది పెట్రోలుకు కరగదేమో అని తోచింది. మూడు దినాల ముందే ఒక సీసాలో పెట్రోలు పోసి కరుప్పట్టి ముక్క వేసి పెట్టినాను. ఈ పొద్దుకూ రాయి మాదిరి అట్లే ఉంది. పాత ఇండ్లు కట్టేటప్పుడు సున్నంలో కరుప్పట్టి నీళ్ళు పోసినారని అవ్వ చెప్పేది గదా. అది పెట్టి చూస్తామా?"

(కరుప్పట్టి అంటే తాటిబెల్లం. మా ఇళ్ళలో అది కాఫీలోకి, జలుబుకి వాడేవాళ్ళం. డిప్లొమాలో దాని ప్రస్తావన లేదు.)

టాంకీ ఖాళీ చేసి ఎండలో ఆరబెట్టాం. ఆమె పాకం పట్టి, సున్నం వేసి, రోట్లో మెత్తగా నూరి తెచ్చింది. నా కట్టు గుడ్డలోంచి పీలికలు చింపి, దాంట్లో ముంచి, ఒకదాని మీద ఒకటి అతికించింది. నేను టాంకీ కదలకుండా పట్టుకున్నాను. రెండు రోజులు ఆరాక పెట్రోలు పోసి, బండి కింద గంటసేపు పడుకుని చూశాను. ఒక్క చుక్క లేదు. నాకు సంతోషం ఒక పాలు, సిగ్గు మూడు పాళ్ళు కలిగాయి. ఆ సిగ్గులోనే నల్ల రంగు తెచ్చి అతుకు కనిపించకుండా పూశాను. "ఇదెందుకు బావా?" అంది. "తుప్పు పట్టకుండా" అన్నాను. "ఓహో" అని లోపలికి పోయింది.

మామ వచ్చాడు. టాంకీ అడుగున వేలితో తడిమి, చోళపురం దాకా పోయి వచ్చి, మళ్ళీ తడిమాడు. "ఏం మందు పెట్టినావు?" అన్నాడు. "అది ఒక కాంపౌండు మామా" అన్నాను. (అబద్ధం కాదు, ఆలోచిస్తే.) మామ ఆ కాంపౌండును ఊరంతా చాటాడు. మా మిల్లు మేనేజరుకూ చెప్పాడు, ఇద్దరూ చిన్ననాటి స్నేహితులు. మేనేజరు కారు టాంకీకి కూడా రాయి తగిలి కారుతోందట. ఆదివారం నన్ను పంపమన్నాడట, పని కుదిరితే పర్మనెంట్ చేస్తాడట. మామ ఇవన్నీ చెప్పి, "మీ నాయనతో ఒక మాట మాట్లాడాల" అని కూడా అన్నాడు. ఆ రోజు అత్త నాకు అడగకుండా రెండోసారి కూర వేసింది.

చిక్కు ఏమిటంటే కరుప్పట్టి ఎంత, సున్నం ఎంత అన్నది నాకు తెలియదు. శనివారం పెరట్లో బట్టలు ఆరేస్తున్న మరదలిని పోయి అడిగాను.

"కాంపౌండు గదా బావా, నాకేం తెలుసు" అంది.

కాసేపు బతిమాలాను. ఆమె తడి చీర దులిపి తీగ మీద వేసి, కొసలు సరిచేసి, అప్పుడు చెప్పింది. "పాళ్ళు చెప్తాను, అదేం పెద్ద రహస్యం కాదు. నువ్వు చెప్పద్దంటే నేను నాయనతో చెప్పను. ఎప్పుడూ ఎవరితోనూ చెప్పను. అయితే నాకు తెలిసుంటుంది గదా."

ఆమె కోపంగా అని ఉంటే ఎదురు చెప్పి ఉండేవాణ్ణి. ఆమె మామూలుగా, నా మేలు కోరేదానిలా చెప్పింది. పెళ్ళి చేసుకుని ఆ కళ్ళ ఎదుట యాభై ఏళ్ళు ఇంజినీరుగా బతకాలన్న ఆలోచనకే నాకు భయం వేసింది. ఉద్యోగం పోతే పోయింది, మదురై జవుళి అంగడే గెలిస్తే గెలిచింది అనుకుని, అలాగే తిన్నె మీద ఉన్న మామ దగ్గరకు పోయి మొత్తం చెప్పేశాను. ఊపులో స్పానర్లు అందించే సంగతి కూడా చెప్పాను, అది ఎవరూ అడగలేదు.

మామ వక్క నములుతూ అంతా విన్నాడు. లేచి బండి దగ్గరకు పోయి, రంగును గోటితో గీకి చూశాడు.

"దీంట్లో నువ్వు చేసిందేది?"

"నల్ల రంగు మామా."

"రంగు బాగుంది" అని లోపలికి పోయాడు.

ఆదివారం మామ నన్ను ఒక్కణ్ణే పంపలేదు. భార్యనూ కూతురినీ కూడా గుర్రబ్బండిలో ఎక్కించి తనే మేనేజరు బంగళాకు తీసుకుపోయాడు. పెద్దవాళ్ళు వరండాలో కూర్చున్నారు. నేను కారు కింద వెల్లకిల పడుకున్నాను. నా మరదలు మెట్టు మీద కూర్చుని చిన్న గొంతుతో, "ఇంకొంచెం సున్నం, బావా. ఆ పక్క కాదు, ఈ పక్క" అని చెబుతుంటే నేను పూస్తున్నాను. పాకం నా గడ్డం మీద, చెవిలో పడుతోంది. మేనేజరు కాసేపు చూసి, "ఏమప్పా, ఇంజినీరు ఎవరు ఇక్కడ?" అని మామను అడిగాడు.

"ఇంజినీరు మా పాప" అన్నాడు మామ. "వీడు దాని దగ్గర పని నేర్చుకుంటా ఉన్నాడు. వచ్చే నెల ఆవణిలో పెండ్లి. అంతలోపల కొంచెం పని వస్తుంది."

పెళ్ళి అన్న మాట నేను వినడం అదే మొదటిసారి. అత్త ఏమంటుందోనని పూత ఆపి విన్నాను. ఆమె తమలపాకు తొడిమ గిల్లుతూ, "ఆమా" అని ఒప్పుకుని, "నేర్పితే నేర్చుకుంటాడు" అంది. కారు కింద నుంచి నాకు మరదలి పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. అవి కదలలేదు. పని అయిపోయాక కూడా నేను చాలాసేపు బయటికి రాలేదు, ఇంకా ఆరలేదని చెప్పాను.

నా పర్మనెంట్ ఆర్డరు ఆ ఏడు రాలేదు, పై ఏడు వచ్చింది. ఆ తరువాత నా పేరు ముందూ వెనకా చాలా పదవులు చేరాయి, రిటైరైన రోజు అవన్నీ చదవడానికి ఒకాయనకు గుక్క తిప్పుకోవలసి వచ్చింది. మామ ఇచ్చిన శిష్యుడి పదవి మాత్రం ఆ జాబితాలో లేదు. ఒంటి నిండా బెల్లం పూసుకుని కారు కింద పడుకున్న ఆ కుర్రవాణ్ణి తలుచుకున్నప్పుడు మొదట నవ్వు వస్తుంది, తరువాత కొంచెం అసూయ కలుగుతుంది. ఆమె దగ్గర నేర్చుకోవలసిందంతా వాడికి ఇంకా ముందుంది.