పాలసొర కూర

నా మొదటి పిల్ల పుట్టింది డెబ్బై ఆరు ఆగస్టు పదకొండు, బుధవారం. ఆసుపత్రి కాటాలో ఆరుంపావు పౌన్లు తూగింది. అమ్మ అంతకు రెండేళ్ల ముందే పోయింది కాబట్టి పురుడు పుట్టింట్లో జరగలేదు. సబ్బవరం నుంచి మా అత్తగారు పోర్టు క్వార్టర్సుకు వచ్చి అన్నీ చూసుకున్నారు. అమ్మ ఉండి ఉంటే ఈ సంగతి ఆవిడతో చెప్పుకునేదాన్నా అంటే, అదీ గట్టిగా చెప్పలేను.

సంగతి ఇది. నా చనుమొనలు పైకి ఉండవు. ఎడమది రొమ్ముతో సమంగా ఉంటుంది. కుడిది బొడ్డులా లోపలికి పోయి ఉంటుంది. పెళ్లిలో నలుగు పెట్టేటప్పుడు కూడా లంగా గుండెల మీదికి కట్టుకుని, ముడి చేత్తో పట్టుకునే కూర్చున్నాను. ఇలాంటిది ఇంకెవరికైనా ఉంటుందని అప్పట్లో నాకు తెలియదు.

వార్డులో అటూ ఇటూ మంచాల మీద ఆడవాళ్లు కబుర్లాడుకుంటూనే పిల్లలకు పాలిచ్చేవారు. నేను గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. పిల్ల నోరు తెరిచి వెతికేది, పట్టు దొరక్క జారిపోయేది, ఎర్రబడి ఏడ్చేది. నర్సు అడిగితే తాగుతోందన్నాను.

ఇంటికొచ్చాక ఆ ఏడుపు విని, నాకు పాలు పడలేదని అత్తగారు తేల్చారు. మా వైపు దానికి పాలసొర పెడతారు. చిన్న సొరచేపను ఉడకబెట్టి, తోలు తీసి, వెల్లుల్లి దండిగా వేసి పొడిపొడిగా వండే కూర. యారాడ నుంచి చేపలు తెచ్చే ఆవిడకు రోజూ తెమ్మని పురమాయించారు.

నిజానికి పాలు పడ్డాయి. రొమ్ములు రాళ్లయి జాకెట్టు తడిసిపోతోంది. ఆ తడి కనపడకుండా పవిట కింద తువ్వాలు మడిచి పెట్టుకున్నాను. పాలున్నాయని చెబితే, పిల్ల ఎందుకు తాగడం లేదో చూపించాలి. అందుకని పళ్లెంలో వేసిందల్లా తిన్నాను. రొమ్ము బిగిసినకొద్దీ ఆ ఎడమ మొన కూడా చదునైపోయింది. పిల్లకు ఉగ్గుగిన్నెతో డబ్బాపాలు పోస్తే సగం కక్కేసేది.

పురుడు వెళ్లకముందే మా ఆయన పిల్లను తీసుకెళ్లి తూకం వేయించి తెచ్చారు. అయిదున్నర. ముప్పావు పౌను తగ్గింది. ఆ ముప్పావూ నా సిగ్గుకే పోయిందని నాకు తెలుసు. అయినా నోరు విప్పలేదు.

మర్నాడు నాకు చలిజ్వరం వచ్చింది. తడిసిన జాకెట్టు మార్చడానికి వచ్చిన అత్తగారు, అడ్డం పెట్టుకున్న నా చేతులు తీసేశారు. తడిసిన తువ్వాలు లాగి చూశారు.

"ఇన్ని పాలెట్టుకుని సొర తింతన్నావేటే?"

నేను ఏడ్చాను.

"ఏడుపెందుకు? నువ్వు సెప్పకపోతే నాకెలా తెలుత్తాది?"

వేడినీళ్ల గుడ్డ వేసి, చేత్తో కొంత పాలు గిన్నెలోకి పిండేశారు. రొమ్ము మెత్తబడ్డాక పిల్లను ఎడమవైపు పెట్టి, మొన చుట్టూ నల్లటి భాగమంతా రెండు వేళ్లతో ఒత్తి నోటికి అందించారు. పిల్ల జారింది, మళ్లీ జారింది, తర్వాత పట్టుకుంది. గుటక చప్పుడు ఇద్దరికీ వినబడింది. కుడివైపు ఎంత చేసినా పట్టలేదు.

"ఒక పక్క సాల్లే" అన్నారు.

అక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. ఇంతలో చేపలావిడ గుమ్మంలోకి వచ్చింది. అత్తగారు గదిలోంచే కేకేసి చెప్పారు.

"ఇంక సొర ఒద్దే. పాలు బోల్డున్నాయి, బయటికి దారే నేదు."

"ఓలమ్మ, మరి ఇన్నాళ్లూ నా సొరలన్నీ ఎటెల్లిపోనాయమ్మా?"

కుళాయి దగ్గర ఉన్న పక్క క్వార్టర్ల ఆడవాళ్లు కూడా నవ్వారు. గది తలుపు తీసే ఉంది. లేచి వేసుకుందామంటే, పిల్ల తాగుతోంది. కదిలితే పట్టు వదిలేస్తుందేమోనని వాళ్ల నవ్వు వింటూ అలాగే కూర్చున్నాను.

ఏడాది పైగా ఎడమవైపే తాగింది. కుడివైపు ఎండి చిన్నదైపోతే జాకెట్టులో రుమాలు పెట్టుకునేదాన్ని. పుట్టినరోజుకు స్టూడియోలో తీయించిన ఫొటోలో పిల్లను కుడివైపు, గుండెకు అదిమి ఎత్తుకున్నాను. ఎనభై ఒకటిలో పుట్టిన రెండోవాడి ఫొటోలోనూ అంతే. చూసినవాళ్లు, పిల్లల్ని ఎంత ముద్దుగా పట్టుకున్నావో అంటారు. నేను ఆల్బం మూసి కాఫీ పెట్టడానికి లేస్తాను.