ఎవలింటికి బిడ్డా

మొన్న ఆదివారం పొద్దున పాల ప్యాకెట్ల కోసం కిందికి దిగితే మా అపార్టుమెంటు గేటు దగ్గర పుదీనా వాసన వచ్చింది. గండిపేటలో ఆ వాసన అరుదు. ఇక్కడ పుదీనా కూడా ప్లాస్టిక్ డబ్బాలో మూత బిగించుకుని వస్తుంది. గేటు అవతల ఒక నడివయసు ఆవిడ నెత్తిమీది గంప దింపి, పైన కప్పిన తడి గోనెపట్టా తీస్తోంది. కొత్తగా చేరిన వాచ్‌మన్ ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు. మిగతా వాచ్‌మన్లు వచ్చినవాళ్ళను ఫ్లాట్ నంబరు అడుగుతారు. చేవెళ్ల వైపు నుంచి వచ్చిన ఈయనకు ఆ అలవాటు ఇంకా కాలేదు. "ఎవలింటికి?" అన్నాడు. "ఎవలింటికని లేదన్నా, కొన్నోళ్ళింటికే" అందామె. "గట్ల నడ్వది. ఎవలింటికో చెప్పాలె" అన్నాడతను. నేను పాల సంగతి మరిచిపోయి అక్కడే నిలబడ్డాను. ఆ మాటా ఆ వాసనా కలిసి వస్తే నాకు గుర్తొచ్చే మనిషి లోకంలో ఒక్కతే, సత్తెవ్వ.

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు పోతుంటే ఎడమచేతి వైపు చీలే దారిలో ఉంటుంది మా ఊరు. ఊళ్ళో మొదటి ఇల్లు సత్తెవ్వది, రెండోది మాది. భర్త చిన్న వయసులోనే పోతే, ఉన్న కాస్త చెలకలో పుదీనా, కొత్తిమీర పండించి కొడుకు నర్సింలును పెంచుకుంది. పొద్దున కోసిన ఆకును ఇంటిముందు అరుగు మీద పోసుకుని, పట్నం మార్కెట్టుకు పోయే ఆటో వచ్చేదాకా కట్టలు కడుతూ కూర్చునేది. చేతులు కట్టల మీద, కళ్ళు దారి మీద. కొత్త మనిషి కనబడితే చాలు, చేతిలో పని ఆపకుండానే "ఎవలింటికి బిడ్డా?" అనేది. వచ్చినవాళ్ళు ఫలానా వాళ్ళింటికి అని చెబితే ఆమె దారి చెప్పి ఊరుకునే రకం కాదు. వాళ్ళు పొలం దగ్గరికి పోయారని, కోడలు పుట్టింట్లో ఉందని, తాళంచెవి పక్కింట్లో అడగమని, అందాకా నీళ్ళు తాగి కూర్చోమని చెప్పేది. ఆ మనిషి చుట్టాల ఇంటికి చేరేలోగా ఆయన రాక ఊరంతటికీ తెలిసిపోయేది.

బడి లేని రోజుల్లో నేనూ ఆ అరుగెక్కి కట్టలు కట్టేదాన్ని. నా కట్టలు వదులుగా ఉంటాయని ఆమె మళ్ళీ విప్పి కట్టేది. ఒకసారి దారిన పోయే ఒకాయన్ని ఆమెకంటే ముందు నేనే పలకరించాను. "నీ పేరేంది? ఏ ఊరు?" అన్నాను, పెద్ద ఆరిందాలాగా. ఆయన మొహం ముడుచుకుని జవాబు చెప్పకుండానే వెళ్ళిపోయాడు. సత్తెవ్వ నవ్వింది.

"పేరడుగద్దు బిడ్డా. పేరడిగితే ఠాణల నిలవెట్టినట్టుంటది. ఎవలింటికి అని అడగాలె. గప్పుడు మనూరికి సుట్టమైతడు."

"దొంగైతే ఎట్లనే?" అన్నాను.

"దొంగకు ఇల్లు ఎరుకుండదు గద" అంది.

ఆమె చెప్పింది ఎంత నిజమో ఒక ఎండాకాలం చూశాను. మధ్యాహ్నం వేళ, ఊరంతా తలుపులు దగ్గరికి వేసుకుని కునుకు తీస్తుంటే, భుజాన తాడు చుట్ట వేసుకుని ఒకడు వచ్చాడు. ఎవలింటికి అంటే రాములు ఇంటికి అన్నాడు. ఏ రాములు, గొర్ల రాములా బడి రాములా అని అడిగింది. గొర్ల రాములే అన్నాడు. "మా ఊర్ల గొర్లున్నయ్ గని గొర్ల రాములు లేడు బిడ్డా. ఎండల వడి వచ్చినవు, జర నీళ్ళు తాగిపో" అంటూ చెంబు అందించింది. వాడు తలెత్తకుండా తాగి, వచ్చిన దారినే తిరిగి వెళ్ళిపోయాడు. సాయంత్రం మా బాపుకు సంగతి తెలిసి, "ఒక్క కేకేస్తే పట్టుకుందుము గద చిన్నమ్మా" అని విసుక్కున్నాడు. "ఏం తీస్కపోయిండని పట్టుకుంటవ్, చెంబెడు నీళ్ళు తప్ప? ఊరు తనను సూసిందని వానికి ఎరుకైంది. ఇంక రాడు" అంది సత్తెవ్వ. మళ్ళీ రాలేదు కూడా. కాపలా అనే మాట ఆమె నోట నేనెన్నడూ వినలేదు. ఊరు నిశ్చింతగా నిద్రపోయిందంటే ఆ అరుగు వల్లనే అని మాకెవరికీ తోచలేదు.

తర్వాత భూముల ధరలకు రెక్కలొచ్చాయి. అజీజ్‌నగర్ దాకా వచ్చిన ఫాంహౌస్‌లు మా ఊరి మామిడితోటల్లోకీ దిగాయి. చెలకలు అమ్ముకున్నవాళ్ళు అదే చెలకలో కట్టిన గోడ లోపల తోటపనికి కుదిరారు. నేను చదువు, ఉద్యోగం అంటూ గండిపేటకు వచ్చేసి ఆదివారాల చుట్టాన్నయ్యాను. వెళ్ళిన ప్రతిసారీ ఒక దొంగతనం కబురు సిద్ధంగా ఉండేది. బోరు మోటార్ల తీగలు కోసుకుపోయారు. మేకల్ని కారు డిక్కీలో వేసుకుపోయారు. పొలం నుంచి వస్తున్న ఒకామె మెడలో పుస్తెలతాడు బండి మీద వచ్చినవాళ్ళు తెంపుకుపోయారు. ఆ రోజు నుంచి మా అమ్మ పసుపుతాడు ఒక్కటే వేసుకుని తిరిగేది.

సత్తెవ్వ మాత్రం అరుగు దిగలేదు. కార్లను కూడా చెయ్యెత్తి ఆపేది. ఒక ఆదివారం నేను పక్కనే ఉన్నాను. ఒక పెద్ద కారు ఆగింది, అద్దం బెత్తెడు దిగింది. "ఎవలింటికి బిడ్డా?" అంది అలవాటుగా. "నీకెందుకమ్మా?" అన్నాడు లోపలి మనిషి. గద్దించలేదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. అంతలో నర్సింలు బండి మీద హడావిడిగా వచ్చాడు. అప్పటికి వాడు ప్లాట్లు చూపించే మధ్యవర్తి. తెల్లచొక్కా, రెండు ఫోన్లు. కారును తోటవైపు పంపించి తల్లి దగ్గరికి వచ్చాడు.

"అవ్వా, గిట్ల ఆపి అడుగుతే పార్టీలు భయపడుతున్నరు. ఊర్ల ఏదో లొల్లి ఉన్నదనుకుంటున్నరు. జర లోపట కూసో."

"లోపట కూసుంటే ఎవలొచ్చిన్రో ఎట్ల ఎరుకైతదిరా?"

"కెమెరాలు పెడుతున్నం గదనే. ఫికర్ చెయ్యకు."

"కెమెరా అడుగుతదా?"

"సూస్తది."

"సూసుడు నేను గూడ సూస్త. అడుగుడు ఎవలడుగుతరు?"

వాడు నవ్వేసి మోగుతున్న ఫోను ఎత్తాడు. చెడ్డవాడు కాదు నర్సింలు. తల్లి రెక్కల కష్టం తెలిసినవాడే. ఆమె ఎండలో కూర్చోకూడదని కూడా వాడి మనసులో ఉండి ఉంటుంది. నెల తిరక్కముందే అరుగు ముందు గోడ లేచింది, ఇనుపగేటు పడింది. ఊరి మొదట్లో కెమెరాల నిఘా అని బోర్డు పాతారు. కొన్నాళ్ళకు మా మూల కెమెరా తీగను కోతులు పీకేశాయి. దాన్ని బాగుచేయించడం ఎవరికీ గుర్తురాలేదు. బోర్డు మాత్రం ఇప్పటికీ ఉంది. సత్తెవ్వ గేటు వెనక కూర్చుని కట్టలు కట్టుకునేది. ఇనుపరేకు సందులోంచి ఆమెకు మనుషుల కాళ్ళు మాత్రమే కనబడేవి. "కాళ్ళను ఏమడుగుతం బిడ్డా" అంది నాతో, ఏదో తమాషాకు అన్నట్టు. ఆ మాటకు నాకు నవ్వు రాలేదు.

పిల్లలను ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారన్న కబురు ఫోన్లలో వచ్చింది ఆ తర్వాతే. ఎక్కడిదో తెలియని వీడియో, ఎవరిదో తెలియని గొంతు. మా ఊళ్ళో ఏ పిల్లా తప్పిపోలేదు. కానీ పోయిన తీగలు, మేకలు, తెగిన పుస్తెలతాడు అందరికీ గుర్తున్నాయి. దొరకని దొంగల మీది కసి అంతా ఆ కబురులోకి వచ్చి చేరింది. అమ్మలు పిల్లల్ని గడప దాటనివ్వలేదు. యువకులు కట్టెలు పట్టుకుని గుంపులుగా తిరిగారు.

ఆ ఆదివారం నేను ఊళ్ళోనే ఉన్నాను. అన్నం తింటుంటే కేకలు వినిపించాయి. బయటికి వస్తే సత్తెవ్వ ఇంటికి కాస్త అవతల జనం మూగి ఉన్నారు. మధ్యలో సన్నటి మనిషి ఒకడు, భుజాన సంచి. ఇళ్ళ వంక చూస్తూ నడిచాడట. ఒక పాపను పిలిచి బిస్కెట్ ప్యాకెట్ చూపించి ఏదో అడిగాడట. "ఎవడ్రా నువ్వు? ఆధార్ కార్డు తియ్యి" అని ఒకడంటే, భాష తెలియక అతను చేతులు జోడించాడు. చేతులు జోడించాడంటే తప్పు చేసినట్టే అని తీర్మానించారు. నేను చేరేసరికి అతను కింద పడి ఉన్నాడు. "ఆపుండ్రి" అని నేను అరిచాను, మా బాపు అరిచాడు. మా గొంతులు ఆ గోలలో కలిసిపోయాయి.

ఇనుపగేటు చప్పుడైంది. సత్తెవ్వ వచ్చింది. ఆమె ఎవరినీ ఆపమనలేదు, తిట్టలేదు. కాళ్ళ మధ్యనుంచి దూరి, అతని పక్కన మట్టిలో కూర్చుని, తల ఒళ్ళోకి తీసుకుంది. ఆమె మీద దెబ్బపడుతుందని కట్టెలు ఆగాయి. "ఎవలింటికి బిడ్డా?" అంది. అతను కళ్ళు తెరవలేదు. ఆమె తనకు వచ్చిన రెండు ముక్కల ఉర్దూలో మళ్ళీ అడిగింది. "కిస్కే ఘర్‌కు, బేటా?"

"భాయీ కే ఘర్" అన్నాడతను. అన్న ఇంటికి. ఆ తర్వాత ఒక పేరు చెప్పాడు, సుదామ.

సుదామ మాకందరికీ తెలుసు. మామిడితోట ఫాంహౌస్‌లో వాచ్‌మన్, ఒడిశా నుంచి వచ్చి కుటుంబంతో అక్కడే ఉంటున్నాడు. ఆ బిస్కెట్లు సుదామ కూతురికని తర్వాత తెలిసింది. పాపను అడిగింది కూడా తోటకు దారే. ఒక్క మాట అడిగి ఉంటే తెలిసిపోయే సంగతి అది. ఒక్కొక్కరూ కట్టెలు అక్కడే వదిలేసి ఇళ్ళకు మళ్ళారు. బాపు ఆటో తెచ్చాడు. చేవెళ్ల దవాఖానకు పోయేదాకా అతని తల సత్తెవ్వ ఒళ్ళోనే ఉంది. ప్రాణం దక్కింది. కుడికన్ను పోయింది.

మర్నాడు ఎస్సై వచ్చాడు. నేను సెలవు పెట్టి ఉండిపోయాను. కెమెరా ఏది అని అడిగితే కోతుల కథ చెప్పారు. ఎవరు కొట్టారు అంటే జనం అన్నారు, ఎవరో ఏమో సారూ అన్నారు. సత్తెవ్వను అడిగేటప్పుడు ఆయన గొంతులో ఆశ లేదు. ఆమె కొంగు భుజాన సర్దుకుని ఒక్కొక్క పేరూ చెప్పింది. అందరూ ఆమె చేతుల మీద పెరిగినవాళ్ళే. చివర కొంచెం ఆగింది.

"మా నర్సింలు గూడ ఉన్నడు సారూ. వాని చేతుల గూడ కట్టె ఉండె."

"నీ కొడుకా?"

"నా కొడుకే."

నర్సింలు వెనకే నిలబడి ఉన్నాడు. తల్లి వంక చూసిన వాడి చూపు నేను చూశాను. అందులో కోపం లేదు. తెలియని మనిషిని చూస్తున్నట్టు ఉంది.

ఆ తర్వాత ఊరు ఆమెను వెలివేసిందని చెప్పలేను, ఎవరూ అలాంటి మాట అనలేదు. కట్టలు కట్టడానికి వచ్చే ఆడవాళ్ళు రావడం మానేశారు. మార్కెట్టు ఆటో ఆ ఇంటిముందు ఆగకుండా పోయింది. పుదీనా మడుల్లోనే ముదిరి పూతకొచ్చింది. నర్సింలు బెయిలు మీద బయటికి వచ్చి పట్నంలో కిరాయి ఇంట్లో దిగాడు, ఊరికి రాలేదు. మా అమ్మ రోజూ ఇంత అన్నం గిన్నెలో పెట్టి ఇచ్చివచ్చేది. ఊళ్ళో నలుగురు ఏమంటారో అని కొంగు చాటున తీసుకుపోయేది. ఆ మాట రాయడానికి నాకు ఇప్పుడు కూడా కష్టంగా ఉంది. మంచి చేసినందుకు మనిషి ఒంటరి కావడం నేను కళ్ళారా చూశాను, దానికి ఏ సర్దుబాటు మాటా నా దగ్గర లేదు.

ఆమెను ఆఖరుసారి చూసింది ఆ చలికాలంలో. చూపు బాగా మందగించింది. గేటు వెనక, ఖాళీ అరుగు మీద, చేతిలో పని లేకుండా కూర్చుని ఉంది. నా అడుగుల చప్పుడు విని తలెత్తింది.

"ఎవలింటికి బిడ్డా?"

"నీ ఇంటికే అవ్వా."

ఆమె గేటు రేకును చేత్తో తడుముతూ, "నా ఇంటికి ఎవలస్తరు" అంది. నేను గొళ్ళెం తీసి లోపలికి వెళ్ళి పక్కన కూర్చున్నాను. నన్ను గుర్తుపట్టాక చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్ళకు ఇంకా పుదీనా వాసన ఉంది. అదే నెలలో పోయింది.

అప్పటి నుంచి ఆమెలాగా బతకాలని నాకుంది గానీ, నిజం చెప్పాలంటే కొత్త మనిషిని చూడగానే నాకు మొదట వచ్చేది భయమే. తలుపు కన్నంలోంచి చూస్తాను, ఫోన్లో గేటు కెమెరా చూస్తాను. సత్తెవ్వ మాట ఆ తర్వాత గుర్తొస్తుంది, ఎప్పుడూ కొంచెం ఆలస్యంగా. కానీ వస్తుంది.

మొన్న ఆదివారం గేటు దగ్గర కూడా ఆ మాట అలాగే గుర్తొచ్చింది. అప్పటికి ఆ పుదీనా ఆవిడ గోనెపట్టా మళ్ళీ కప్పేసి, గంప ఎత్తమని వాచ్‌మన్‌నే సాయం అడుగుతోంది. నేను గేటు దగ్గరికి వెళ్ళాను.

"మా ఇంటికే" అన్నాను.