పక్కింటి అక్క, ముందరి గది

మూడు వారాల కిందట, ఆదివారం పొద్దున, నేను బీరకాయ చెక్కు తీస్తుంటే బావగారి ఫోన్ వచ్చింది. ఆయన పండక్కీ పబ్బానికీ కూడా ఫోన్ చేసే మనిషి కాదు. పేరు చూడగానే నా చెయ్యి ఆగిపోయింది. "మీ అక్క పోయిందమ్మా, తెల్లారంగ" అన్నారు. వెంటనే, "నువ్వు పరేషాన్ గాకు, మెల్లగ రా" అన్నారు. భార్య పోయిన మనిషి నాకు ధైర్యం చెబుతున్నారు. నేను వస్తున్నానని అన్నానో లేదో కూడా గుర్తు లేదు.

ఆవిడ నాకు తోడబుట్టిన అక్క కాదు. మల్కాజ్‌గిరిలో మా పక్కింటావిడ. నాన్న ఉద్యోగం కోసం శ్రీకాకుళం నుంచి వచ్చి ఆ కాలనీలో ఇల్లు అద్దెకు తీసుకున్న కొత్తలో మా మాట వాళ్ళకి సగమే తెలిసేది, వాళ్ళ మాట మాకు సగమే తెలిసేది. అమ్మ "ఏటమ్మా?" అంటే ఆవిడ "ఏందమ్మా?" అనేది. ఇద్దరూ అడుగుతున్నది ఒకటేనని తెలుసుకోవడానికి వాళ్ళకి వారం పట్టిందని నాన్న వెక్కిరించేవారు. అక్క పుట్టి పెరిగింది బన్సీలాల్‌పేట్‌లో. పెళ్ళయి ఇటు వచ్చాక పద్నాలుగేళ్ళు ఒక నర్సింగ్ హోంలో కౌంటర్ దగ్గర కూర్చుని కేసు షీట్లు రాసింది. డాక్టర్ల రాత చదవగలిగిన మనిషి మా కాలనీ మొత్తానికి ఆవిడొక్కతే. మందుల షాపువాడికి కొరుకుడుపడని చీటీలు కూడా చివరికి ఆవిడ గుమ్మంలోకే వచ్చేవి.

అప్పట్లో ఊరంతా కంప్యూటర్ మాటే. అమీర్‌పేటలో ఖాళీ గోడ కనిపిస్తే చాలు, ఏదో ఒక కోర్సు పోస్టరు అంటించేవారు. బియస్సీ అయిపోయి ఇంట్లో ఉన్న నేను కూడా రెండు కోర్సులు చేసి, ఆ సర్టిఫికెట్లు ఏం చేసుకోవాలో తెలియక బీరువాలో పెట్టాను. అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం అక్క మా ఇంటికొచ్చి, "నౌకరి ఇడిచిపెట్టిన. ఇంట్లనే మెడికల్ బిల్లింగ్ షురూ జేస్తున్న. నువ్వొస్తవా?" అంది. అమ్మ నా మొహం చూసింది. నేను అక్క మొహం చూశాను. మాకు అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు.

ఆవిడే విడమరిచి చెప్పింది. "అమెరికాల డాక్టరు ఒగల్ని జూస్తడు. ఏం రోగం, ఏం జేసిండు అని చీటీ రాస్తడు. రోగానికొక నంబరు, చేసిన పనికొక నంబరు. గవి మనం కంప్యూటర్ల ఎక్కిస్తే బీమా కంపెనీకి పోతది. గంతే. ఇన్నేండ్లు చేతితోని రాసిన, ఇప్పుడు ఏళ్ళతోని కొడ్త."

"రాత్రుళ్ళు చెయ్యాలేటమ్మా?" అని అమ్మ అనుమానంగా అడిగింది.

"రాత్రెందుకు? వాళ్ళు పండుకున్నప్పుడు మనకు పొద్దు. వాళ్ళు లేచేటాల్లకు మన పని ఖతం."

అలా వాళ్ళ ముందరి గదిలోంచి దివాన్ వెనక గదిలోకీ, టీవీ వంటింటి పక్కకీ వెళ్ళాయి. రెండు కంప్యూటర్లు వచ్చాయి. బావగారి కుర్చీ వరండాలోకి చేరింది. ఆయన రైల్వేలో పనిచేసేవారు. డ్యూటీ నుంచి వచ్చి వరండాలో టీ తాగుతూ, "నాకు ట్రాన్స్‌ఫర్ అయింది" అని దారిన పోయేవాళ్ళకి చెప్పేవారు.

ఆ గదికి అక్క పెట్టిన నియమాలు గుళ్ళో కూడా ఉండవు. చేతులు కడుక్కుని కూర్చోవాలి. తలుపు దగ్గరగా వేసి ఉంచాలి. తెరమీద చదివిన పేరు గడప దాటకూడదు. ఒకసారి నేను ఇంట్లో అన్నం తింటూ, ఫలానా ఊళ్ళో ఒకావిడకి ఒకేసారి ఎన్ని జబ్బులో అని అమ్మకి చెబుతుంటే కిటికీలోంచి విన్నట్టుంది. మర్నాడు గదిలోకి రాగానే, "నీ రోగం నేను మోండా మార్కెట్ల చెప్తే నీకెట్లుంటది?" అంది. అంతే, మరో మాట లేదు. ఈ రోజుకీ నేను ఎవరి రిపోర్టు గురించీ ఎవరి దగ్గరా నోరు విప్పను.

ఇంకో అలవాటు ఉండేది. ప్రతి చీటీ కొట్టే ముందు మెల్లగా పైకి చదువుకునేది. "అరవై రెండేండ్లు. మోకాలు. అయ్యో." తర్వాత కొట్టేది. నేను నవ్వితే, "కాయిదం అనుకుంటే తప్పులొస్తయి, మనిషనుకుంటే రావు. ఒక్క అంకె తప్పితే మోకాలు పోయి కన్నయితది" అనేది. వారం వారం వచ్చే పేర్లు ఆవిడకి చుట్టాల్లా తెలుసు. ఏ పేరైనా రెండు వారాలు రాకపోతే, "ఊరికి పోయి ఉంటది" అని తనే సర్దిచెప్పుకునేది. నేను ఇంకోలా అనబోతే చెయ్యి అడ్డం పెట్టేది.

మొదటి తప్పు మాత్రం నాదే. పని ఇప్పించడానికి బేగంపేటలో ఒక ఏజెంటు ఉండేవాడు. పరీక్ష కోసం ఒక కట్ట చీటీలు పంపాడు. అవి సరిగ్గా వస్తేనే కాంట్రాక్టు. అక్క రోగాల నంబర్లు చూసింది, నేను పేర్లూ పుట్టిన తేదీలూ ఎక్కించాను. తెరమీద ఇంటిపేరుకొక గడి, పేరుకొక గడి. చీటీలో రెండు మాటలు పక్కపక్కనే ఉంటాయి. పుట్టి బుద్ధెరిగాక మా ఇంట్లో ఎవరి పేరైనా ఇంటిపేరుతోనే మొదలవుతుంది. నాకు సందేహం కూడా రాలేదు. ముందున్న మాటని ఇంటిపేరు గడిలో, వెనకున్నదాన్ని పేరు గడిలో కొట్టుకుంటూ పోయాను. కట్ట మొత్తం అలాగే.

శనివారం మధ్యాహ్నం ఏజెంటు ఫోన్ చేసి, మీరు పంపినదాంట్లో ఒక్క మనిషి కూడా లేడు, అందరూ తలకిందులుగా ఉన్నారని అరిచాడు. పక్కన నిలబడ్డ నాకూ ఆ అరుపు వినిపిస్తోంది. అక్క ఉద్యోగం వదులుకుని కూర్చుంది. మరిదులు అప్పటికే ఆవిణ్ణి ఆరంభశూరురాలని నవ్వుకుంటున్నారు. ఆవిడ నావైపు చూడకుండా, "తప్పు నాదే సార్. పిల్లకు చెప్పుడు మర్చిన. సోమారం పొద్దున వరకు టైమియ్యండి" అంది.

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టి ఒక్కొక్క పేరూ తిప్పాం. నేను కళ్ళు తుడుచుకుంటూ కొడుతుంటే ఆవిడ ఫక్కున నవ్వింది. "మన దగ్గర ఇల్లు ముందు, మనిషి ఎనుక. అక్కడ మనిషి ముందు, ఇల్లు ఎనుక. గంతే ఫరక్. దీనికి ఏడ్తవా?" అంది. సోమవారానికి కట్ట వెళ్ళింది. ఆ వారంలోనే కాంట్రాక్టు వచ్చింది.

రెండేళ్ళలో రెండు కంప్యూటర్లు నాలుగయ్యాయి, మరో ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. మధ్యాహ్నం వరండాలో కూర్చుని డబ్బాలు విప్పేవాళ్ళం. మా అమ్మ బెల్లం ఆవకాయా, అక్క సర్వపిండీ. నా జీవితంలో అంత హాయిగా తిన్న అన్నం ఇంకెక్కడా లేదు. ఆ మాట అప్పుడు తెలియలేదు. అప్పుడు నా చూపంతా మాదాపూర్ వైపే ఉండేది.

అక్కడ పెద్ద కంపెనీలు వెలిశాయి. ఇదే పని, కానీ అద్దాల మేడలో. మెడలో కార్డు, ఇంటి దగ్గరికొచ్చే బస్సు. మా కాలనీలో ఒకమ్మాయి ఆ బస్సెక్కడం రోజూ చూసేదాన్ని. ఒకరోజు వాళ్ళ పరీక్షకి పిలుపొచ్చింది. అక్కకి చెప్పొచ్చు. చెప్పడానికి నోరు రాలేదు. ముందురోజు సాయంత్రం, "ఒళ్ళు వెచ్చగా ఉందక్కా, రేపు రాలేనేమో" అన్నాను. ఆవిడ నుదురు ముట్టుకుని చూసింది. నేను అబద్ధం ఆడుతున్నందుకో ఏమో, ఒళ్ళు నిజంగానే వెచ్చబడింది.

పరీక్ష బాగా రాశాను. మర్నాడు ఏమీ ఎరగనట్టు ముందరి గదిలోకి వెళ్ళాను. అక్క తెరమీద నుంచి తలెత్తి, "జ్వరం తగ్గిందా?" అంది.

"తగ్గిందక్కా."

"మంచిది" అని మళ్ళీ పనిలో పడింది.

ఉద్యోగం వచ్చిందని తెలిశాక కూడా నేను వెళ్ళి చెప్పలేదు. అమ్మని పంపాను. "నీ నోరెక్కడికెళ్ళిపోయిందే? పని నేర్పిన మనిషికి నువ్వు చెప్పాలి గాని నేనేటి చెప్తాను?" అని తిట్టి, అయినా వెళ్ళింది. తిరిగొచ్చాక, "ఏటీ అన్లేదు. టీ ఇచ్చింది. నీకు బట్టలు కొన్నామా అని అడిగింది" అని చెప్పి, ఆ పూట నాతో మాట్లాడలేదు. నా వెనకే మిగతా ఇద్దరూ అదే కంపెనీకి వచ్చేశారు. ఏడాది తిరక్కుండా ముందరి గదిలోకి దివాన్ తిరిగొచ్చింది. బావగారి కుర్చీ మాత్రం ఎందుకో వరండాలోనే ఉండిపోయింది. నేను బస్సు కోసం వాళ్ళ గేటు ముందునుంచి వెళ్ళాలి. తేలు కుట్టిన దొంగలా వెనక సందులోంచి చుట్టు తిరిగి వెళ్ళేదాన్ని. తర్వాత పెళ్ళయి నేను వెళ్ళిపోయాను. కొన్నేళ్ళకి అమ్మావాళ్ళూ ఆ ఇల్లు ఖాళీ చేశారు.

నాలో నేను ఒకటే సమాధానం చెప్పుకునేదాన్ని. నేను వెళ్ళిపోయినందుకు ఆవిడ బాధపడి ఉండొచ్చు, కానీ జ్వరమని అబద్ధమాడిన సంగతి ఆవిడకి తెలియదు. ఎప్పుడో ఒకరోజు వెళ్ళి నేనే చెప్పి క్షమించమని అడుగుతాను. ఆ ఎప్పుడో కోసం ఇరవై ఏళ్ళు వాయిదా వేశాను.

ఒక్కసారి అవకాశం కూడా వచ్చింది. మోండా మార్కెట్లో కుక్కర్ రబ్బరు కొంటుంటే వెనక నుంచి "చెల్లె!" అని పిలుపు. జుట్టు నెరిసింది, చేతిలో చింతపండు పొట్లం. దగ్గరికొచ్చి నా గడ్డం పట్టుకుని, "కండ్లు మండుతున్నయా? ఎర్రగున్నయి. గంటకోసారి తెర ఇడిచిపెట్టి దూరం జూడు, జెర" అంది. నేను చెప్పాలనుకున్న మాట గొంతు దాకా వచ్చింది. "కుక్కర్ రబ్బరు కోసం వచ్చానక్కా" అన్నాను. "గట్టిది తీస్కో, పల్చగది సాగుతది" అని, షాపువాడితో బేరం కూడా తనే ఆడి, నవ్వుతూ వెళ్ళిపోయింది.

పోయిన ఏడాది నుంచీ ఆవిడకి ఒంట్లో బాగుండటం లేదని వింటూనే ఉన్నాను. ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అనుకున్నాను. చివరికి నేను వెళ్ళిన ఆదివారం ఆవిడ మాట వినే స్థితిలో లేదు.

పదకొండో రోజు కార్యం అయిన మర్నాడు మళ్ళీ వెళ్ళాను. చుట్టాలు వెళ్ళిపోయారు. బావగారు వరండాలో కూర్చుని ఉన్నారు. ఆయనే టీ పెట్టి తెచ్చారు. ఇక ఆగలేకపోయాను. "బావగారూ, అక్కకి చెప్పాల్సిన మాట ఒకటి మిగిలిపోయింది. ఆ రోజు నాకు జ్వరం లేదు. మాదాపూర్ కంపెనీ పరీక్షకి వెళ్ళాను" అన్నాను.

ఆయన టీ కప్పు కింద పెట్టారు. "ఎర్కనే గదమ్మా" అన్నారు.

"ఎవరికి?"

"ఇద్దరికి. గా దినమే ఎర్క. నీకు పానం బాలేదని మీ అక్క మిర్యాల చారు వెట్టింది. స్టీలు డబ్బల పోసి, తువ్వాలల చుట్టి, నీకిచ్చొస్తనని చెప్పులేస్కుంది. గప్పుడే ఫోనొచ్చింది. గా కంపెనోళ్ళు."

కంపెనీ ఫారంలో, ఇంతకు ముందు పనిచేసిన చోటి ఫోన్ నంబరు అడిగారు. నాకున్నది ఒక్కటే చోటు. అక్క నంబరే రాశాను. వాళ్ళు నిజంగా ఫోన్ చేస్తారని, అదీ నేను ఇల్లు చేరకముందే చేస్తారని నాకు తట్టనే లేదు.

"అక్క ఏమంది?" అన్నాను.

"ఎన్నడు చెప్పులతోని లోపటికి రాని మనిషి, గా దినం చెప్పులిడువకుంటనే వచ్చి ఫోనెత్తింది. 'ఔ సార్, నా దగ్గరనే జేస్తది. ఒక్కపారి తప్పు జేసింది, మళ్ళ జెయ్యలే. గసువంటి పిల్ల మీకు దొరకదు, కండ్లు మూస్కొని తీస్కోండ్రి' అన్నది."

"నామీద కోపం రాలేదా?"

"ఎందుకు రాలే? వచ్చింది. ఫోను వెట్టి వంటింట్ల జెరసేపు నిలవడ్డది. 'చెప్తే నేనే దగ్గరుండి పంపిస్తుంటి గద' అన్నది. గంతే. తర్వాత చారు నాకు పోసింది."

ఆయన కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళారు. నేను ఆ వరండాలోనే కూర్చుని ఏడ్చాను. ఇన్ని రోజులైనా ఫోను దగ్గర నిలబడిన అక్కే కనిపిస్తోంది, చెప్పులు వేసుకున్న కాళ్ళతో. ఒక చేత్తో ఫోను పట్టుకుని నన్ను వాళ్ళకి అప్పగిస్తోంది. రెండో చేతిలో నాకు రాని జ్వరానికి పెట్టిన చారు, తువ్వాల్లో చుట్టి, ఇంకా వేడిగా.