పాలపొడి డబ్బా మీద తెల్ల టేపు

మొన్న సోమవారం ఆఫీసుకు బయల్దేరుతుంటే కోనసీమ నుంచి ఫోన్ వచ్చింది. నర్సక్క చెల్లెలు. "అక్క పోయిందమ్మా. కాఫీ తాగుతా తాగుతానే ఒరిగిపోయింది" అంది. నా పాస్‌పోర్టు రెన్యువల్‌కి ఇచ్చి పన్నెండు రోజులైంది, ఇంకా చేతికి రాలేదు. మా ముదీర్, అదే ఆఫీసు మేనేజరు, మంచివాడే, అడగకముందే సెలవిస్తానన్నాడు. పాస్‌పోర్టు లేకుండా ఆ సెలవు పెట్టి ఎక్కడికి పోను? గల్ఫ్‌లో, అల్ ఐన్‌లో ఈ ఫ్లాట్‌లోనే ఉండిపోయాను. ఈ గోడల మధ్య ఇలా ఇరుక్కుపోవడం నాకు రెండోసారి. మొదటిసారి పక్కగదిలో నర్సక్క ఉంది.

ఈ రెండు గదుల ఫ్లాట్ ఆమెతో కలిసి తీసుకున్నాం. ఒక గదిలో నేనూ మా ఆయనా, రెండో గదిలో ఆమె. ఆమె ఆస్పత్రిలో నర్సు, నాకన్నా ఇరవై ఏళ్లు పెద్ద. ఆమెది కోనసీమ, మాది కరీంనగర్. నన్ను "ఒసేయ్" అని తప్ప పేరు పెట్టి పిలిచింది లేదు. డ్యూటీ నుంచి రాగానే బూట్లు గుమ్మం బయటే విప్పి, "ఏం మాడబెట్టావే ఇవాళ?" అంటూ లోపలికి వచ్చేది. పాలపొడి అయిపోతే ఖాళీ డబ్బా పారేయనిచ్చేది కాదు. వంటింటి అల్మారా నిండా అవే డబ్బాలు, అన్నీ ఒకేలా ఉండేవి. దేంట్లో ఏముందో ఆమెకు చూడకుండానే తెలిసేది. నేను మూతలు తీసి వెతుక్కునేదాన్ని.

2020లో మా ఆయన వాళ్ల నాన్న ఆపరేషన్‌కని ఊరెళ్లాడు. ఆ వారంలోనే విమానాలు ఆగిపోయాయి. తర్వాత కొన్నాళ్లకే అక్క జ్వరంతో డ్యూటీ నుంచి వచ్చింది. టెస్టులో పాజిటివ్. గదిలోనే ఉండమన్నారు. ఆమె తలుపు వేసుకుంది. నేను స్టూలు మీద ప్లేటు పెట్టి, తలుపు తట్టి, వంటింట్లోకి పరిగెత్తేదాన్ని. నా ఏడుపు వినబడితే లోపల్నుంచి అనేది: "తలుపేగా వేశాను, గోడ కట్టలేదుగా. మాట్లాడు." గంటలు గంటలు అలా తలుపుతోనే మాట్లాడాను.

ఆరో రోజు ఆమె గొంతు మారింది. "వెల్లుల్లి నలిపి ముక్కుకాడ పెట్టుకున్నా తెలీట్లేదే." వార్డులో ఎంతమంది ఎలా పోయారో కళ్లారా చూసిన మనిషి. ఆమె గొంతులో భయం నేను వినడం అదే మొదటిసారి. మళ్లీ తనే అంది: "మసాలా కేకు చెయ్యవే. మా అమ్మ క్రిస్మస్‌కి ఇసక పోసిన గిన్నెలో చేసేది. ఆ వాసన నాకు తెలియకుండా పోదు. తెలిసిందా, నేను బతికి బయటపడ్డట్టే."

నేను జన్మలో కేకు చేసినదాన్ని కాదు. ఆమె తలుపవతల్నుంచి చెబుతుంటే చేశాను. పైన పూతకి క్రీమ్ చీజ్ కింద బఖాలా కొట్టువాణ్ని అడిగితే లిఫ్టులో పెట్టి పంపాడు. ఆ పూత ఆమెకు ఇక్కడి ఫిలిప్పీన్ నర్సు నేర్పిందట. "మసాలా పాలపొడి డబ్బాలో ఉంది, మూడు చెంచాలు" అంది. తీశాను, వేశాను. ఓవెన్‌లో పెట్టాక మాత్రం గట్టిగా చెప్పింది: "మాటిమాటికీ తలుపు తీసి చూడకే. కేకు బెదిరిపోద్ది, పొంగదు. లోపలున్నదాన్ని లోపలే ఉండనీ."

అరగంట గడిచింది. "వాసన వస్తున్నదా అక్కా?" అని అరిచాను.

లోపల మంచం కిర్రుమంది. తర్వాత, "వస్తందే! దాల్చినచెక్క, లవంగం, జాజికాయ... అబ్బ, మా ఇంట్లో ఉన్నట్టే ఉంది!"

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంట్లో కూడా రెండు మాస్కులు కట్టుకుని తిరిగే రోజులవి. ఆ సంబరంలో రెండూ కిందికి లాగి నేనూ గట్టిగా పీల్చాను. షాజీరా, మిరియాలు, అనాసపువ్వు. వంటిల్లంతా బిర్యానీ దమ్ము పెట్టినట్టుంది. డబ్బా మారింది. ఆమెకు ఏ వాసనా తెలియలేదు. నేను బెదిరిపోతానని అబద్ధం చెప్పింది.

చల్లారాక ఆ కేకు మీద క్రీమ్ చీజ్ దట్టంగా పూసి, ఒక ముక్క స్టూలు మీద పెట్టాను. ప్లేటు కడిగి తిరిగి పెట్టింది. "బాగా కుదిరిందే" అంది. నేను చున్నీ నోట్లో కుక్కుకుని, గొంతు సర్దుకుని, "అవునక్కా, మంచిగ కుదిరింది" అన్నాను. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఆమెకూ పట్టి ఉండదు.

పంతొమ్మిదో రోజు ఆమె తలుపు తీసుకుని, "ఖలాస్! పద, టీ పెట్టు" అంటూ బయటికి వచ్చింది. చాలా చిక్కిపోయింది. వాసన రావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. నేను నిజం చెప్పలేదు. చెబితే ఆమె అబద్ధం కూడా బయటపడుతుంది కదా.

ఆ డిసెంబరులో ఆమే కేకు చేసింది. కేకు మసాలా డబ్బా మూత తీసింది. లోపల ప్లాస్టిక్ కాగితం, దాని మీద సెలవుల నుంచి వచ్చినప్పుడు తన చేత్తో వేసిన దారం ముడి, వేసింది వేసినట్టే ఉన్నాయి. ఆమె ఆ ముడినే కాసేపు చూసింది. నేను సింకు వైపు తిరిగి కడిగిన గిన్నెలే కడిగాను. దారం కత్తిరించి మూడు చెంచాలు వేసి, పక్క డబ్బాలోంచి చిటికెడు బిర్యానీ మసాలా కూడా తీసి కలిపింది. "ఇది కూడా పడితేనే బాగుంటది" అంది, నా వైపు చూడకుండా. మర్నాడు చూస్తే రెండు డబ్బాల మీదా ఆస్పత్రి తెల్ల టేపు అంటించి ఉంది. ఒకదాని మీద 'కేకు', ఇంకోదాని మీద 'బిర్యానీ', ఆమె గుండ్రటి రాత. దాని గురించి ఆమె రిటైరై వెళ్లిపోయేదాకా మేమిద్దరం ఒక్క మాట అనుకోలేదు.

నిన్న మధ్యాహ్నం అంత్యక్రియలు ఫోన్‌లో చూశాను. అంతకుముందే పిండి కలిపాను, మూడు చెంచాలు, ఒక చిటికెడు. 'కేకు' టేపు అంచు లేచి ఉంటే పిండి చేతి బొటనవేలితోనే నొక్కి, గిన్నె ఓవెన్‌లో పెట్టాను. ఫోన్‌లో పాట అయిపోయింది. పెట్టె మూత వేస్తున్నారు. నా చెయ్యి ఓవెన్ పిడి దాకా వెళ్లి ఆగిపోయింది. తీయలేదు. ఆమె గది తలుపు వైపు తిరిగి నిలబడ్డాను.

"వాసన వస్తున్నదక్కా" అన్నాను. "నిజంగనే వస్తున్నది."