మా మామ చూసిన బ్యాండు మేళం వ్యాను

మా మామ సర్కారు బస్సు డ్రైవరుగా రిటైరైన రోజు నుంచి నాకు ఆదివారాలు లేకుండా పోయాయి. నేను ఆర్మూర్‌లో హైస్కూలు టీచర్ని. వారానికి ఒక్క రోజు సెలవు దొరికితే కాళ్లు చాపుకుని పత్రిక చదువుకుందామనుకునే మనిషిని. ఆయన ఇల్లు మా ఇంటికి రెండు గల్లీల అవతల. నేను చాయ గ్లాసు చేతిలోకి తీసుకున్నానో లేదో గేటు గొళ్లెం చప్పుడయ్యేది.

"అల్లుడా, బండి తియ్యి. పెర్కిట్ దాంక పోయొద్దాం."

బండి అంటే నా స్కూటరు. పెర్కిట్ పోవడమంటే వ్యానును చూడటం. కొందామా వద్దా అని ఆయన ఆలోచిస్తున్న వ్యాను అది. ఆలోచించడం ఆయన వంతు, ఆయన్ను వెనక కూర్చోబెట్టుకుని తిప్పడం నా వంతు.

ఈ పిచ్చి ఎక్కడ పట్టిందో ముందు చెప్పాలి. ఎనభైలలో ఒకసారి ఆయన నడుపుతున్న బస్సుకు జక్రాన్‌పల్లి దాటాక టైరు పేలి, హైవే పక్కన ఆగింది. అక్కడ ఒక విదేశీ జంట చింతచెట్టు నీడలో తమ వ్యాను నిలుపుకుని ఉన్నారు. వెనక తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల పరుపు, కిటికీలకు తెరలు, ఒక మూల స్టవ్వు, మడిచే బల్ల. ప్రయాణికులంతా టైరు చుట్టూ చేరి కండక్టరుకు సలహాలు చెబుతుంటే, ఈయన వెళ్లి ఆ వ్యానులోకి తొంగిచూశాడు. వాళ్లు పిలిచి పాలు లేని చాయ ఇచ్చారు. ఒకరి మాట ఒకరికి రాదు. చేతి సైగలతోనే సంగతంతా తెలుసుకున్నాడు. వాళ్లు ఆ బండిలోనే దేశాలు దాటి వచ్చారు, అందులోనే వండుకుంటారు, అందులోనే పడుకుంటారు.

"ఇల్లు వాళ్ల ఎంట వస్తది అల్లుడా. లాడ్జి లేదు, తాళంచెవి లేదు," అని నా పెళ్లయిన కొత్తలో మొదటిసారి చెప్పాడు. ఆ తర్వాత పండుగ పండుగకూ చెప్పాడు.

ఉద్యోగమంతా ఆయన ఊళ్లమీదే తిరిగాడు కానీ ఏ ఊరూ చూడలేదు. బస్టాండు, డిపోలో విశ్రాంతి గది, మళ్లీ స్టీరింగు. రిటైరయ్యాక అత్తమ్మను వెంటబెట్టుకుని, బెల్లు కొట్టే కండక్టరు లేకుండా, నచ్చిన చోట ఆగుతూ తిరగాలని ఆయన కోరిక. మంచి కోరికే. నేను ఎన్నడూ కాదనలేదు. నా బాధంతా ఆయన చూసిపెట్టుకున్న ఆ వ్యానుతోనే.

అది పెర్కిట్‌లో ఒక బ్యాండు మాస్టరుది. రెండు పక్కలా ఎర్రరంగులో బాకాలు, డోళ్ల బొమ్మలు. లోపల సీట్లు పీకేసి రెండు చెక్క బల్లలు వేశారు. పైకప్పుకు వాయిద్యాలు తగిలించే ఇనుప కొక్కేలు వరుసగా వేలాడుతుండేవి. పెళ్లిళ్ల లగ్గాలు లేనప్పుడు ఆ మాస్టరు దాన్ని పసుపు బస్తాలు మోయడానికి కిరాయికి తిప్పేవాడు. రేకుల సందుల్లో, బల్లల కింద, ఎక్కడ చేయి పెట్టినా పసుపే. నేను దానిలోకి ఎక్కి దిగిన ప్రతిసారీ నా తెల్లచొక్కా పెళ్లికొడుకు చొక్కాలా తయారయ్యేది. ఇంటికి రాగానే మా ఆవిడ ఆ చొక్కాను రెండు వేళ్లతో పట్టుకుని చూసి, "కొన్నరా?" అనేది.

"లేదు."

"మరి ఎందుకు వోయిండ్రు?"

నేను చొక్కా ఆమె చేతిలోంచి తీసుకుని బకెట్లో నానబెట్టేవాణ్ని.

ధర గురించి పేచీయే లేదు. అది మొదటి రోజే, బ్యాండు మాస్టరు ఇంటి అరుగుమీద చాయ తాగుతుండగా కుదిరిపోయింది. కుదరనిదల్లా ఇద్దరి మనసులు. లగ్గాల నెలల్లో మా మామ కొంటానని ఉత్సాహపడేవాడు. అప్పుడు మాస్టరు తల అడ్డంగా ఊపేవాడు. "గిప్పుడు బండి ఇచ్చేస్తే నా పిలగాండ్లు బారాతుకు దేంట్ల పోవాలె?" మూఢం వచ్చి లగ్గాలు ఆగిపోగానే ఆయనే మా మామకు కబురు పెట్టేవాడు. "తీస్కపోండ్రి, ఇంటి ముందల అడ్డం పడున్నది." అప్పుడు మా మామ నాలుక కరుచుకునేవాడు. "మూఢంల బండి కొంటరా ఎవలన్న?" ఇలా లగ్గాలకు ఒకరు, మూఢానికి ఒకరు అడ్డం తిరుగుతుంటే, మధ్యలో నా స్కూటరు పెట్రోలు తాగుతూనే ఉంది.

ఒక వారం హైవే పక్క షెడ్డులోని మెకానిక్కును తీసుకెళ్లాం. అతను వ్యాను కిందికి దూరి, చాలాసేపటికి బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ అన్నాడు.

"ఇంజన్ మంచిగనే ఉన్నది. గాని చెప్పలేం."

"ఏం చెప్పలేం?" అన్నాను నేను.

"బండి గద సార్. నడిచినన్ని రోజులు నడుస్తది."

మా మామ ఆ మాటను ఎంతో గొప్ప రహస్యంలా తల పంకిస్తూ విన్నాడు. నేను స్కూటరు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

అన్నింటికంటే నా ఓపికను పరీక్షించింది కొలతల రోజు. పడుకుంటే కాళ్లు పడతాయో లేదో చూడాలని మా మామ వ్యానులో వెల్లకిలా పడుకున్నాడు. పట్టాయి. కానీ ఇద్దరు పడుకోవాలి కదా.

"అల్లుడా, జర ఇటు వచ్చి పండు."

"నేనా?"

"మీ అత్తమ్మ జాగల. ఆమె నీ భుజం దాంక ఉంటది. జర కిందికి జరిగి పండు, మోకాళ్లు ముడ్సు."

బ్యాండు మాస్టరు చూస్తున్నాడు. కాదంటే అల్లుడు మొండివాడంటారు. మోకాళ్లు ముడుచుకుని ఆయన పక్కన పడుకున్నాను. వెనక తలుపులు తెరిచే ఉన్నాయి. సరిగ్గా అప్పుడే మా హెడ్మాస్టరు గారు ఆర్మూర్ వెళ్లే ఆటో కోసం ఆ పక్కకే వచ్చి నిలబడ్డారు. నన్ను చూశారు, మా మామను చూశారు, పక్కనున్న బాకా బొమ్మను చూశారు. నమస్కారం పెడదామని లేవబోతే కొక్కెం నా నెత్తికి తగిలింది. ఆయన ఏమీ అడగలేదు. మర్నాడు స్టాఫ్ రూములోనూ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది, చెప్పుకునేవాణ్ని.

ఆ సాయంత్రం మా ఆవిడతో గట్టిగానే అన్నాను. "మీ బాపుకు నువ్వన్నా చెప్పు."

"నేను చెప్తే ఇంటడా? బిడ్డ మాట ఎవలింటరు? మీరు అల్లుడు. మీరే జర చెప్పుండ్రి."

సరేనని వెళ్లి చెప్పాను. "మామా, ఆ వ్యాను వద్దు."

"ఎందుకొద్దు? ఒక్క కారణం చెప్పు," అన్నాడు. నాలుగు చెప్పాను. నాలుగింటికీ ఆయన దగ్గర జవాబులున్నాయి. చివరికి విసుగొచ్చి, "అయితే కొనేయండి," అన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు. "గంత తొందరేంది అల్లుడా? బండి కొనుడంటే మిరపకాయలు కొనుడా?"

అప్పుడు నాకు తట్టి అడిగాను. "అత్తమ్మను అడిగిండ్రా?"

"ఆమెనడిగేదేంది? ఆమె కోసమే గద కొనేది."

ఆ మాటతో నాకు ఈ కథ ఎక్కడ ఆగిపోయిందో అర్థమైంది. కానీ అల్లుణ్ని. లేచి ఇంటికి వచ్చేశాను.

కొన్నాళ్లకు రెండు లగ్గాల మధ్య బండి ఖాళీగా ఉందని మాస్టరు కబురుపెట్టాడు. ఒక్క పగలు తీసుకెళ్లి చూసుకోమన్నాడు, పొద్దుమీకే సరికి ఇంటి ముందు ఉండాలన్నాడు. భీమ్‌గల్ వైపు పోదామన్నాడు మా మామ. గుట్టల దారిలో బండి దమ్ము తెలుస్తుందట. ముందు ఆయనా అత్తమ్మా, వెనక చెక్కబల్లల మీద నేనూ మా ఆవిడా. స్టీరింగు చేతికి రాగానే మా మామకు పదేళ్ల వయసు తగ్గింది. మలుపు వస్తే హారను, మనిషి కనిపిస్తే హారను, బస్‌స్టాప్ కనిపిస్తే బ్రేకు. ఎత్తు ఎక్కేటప్పుడు వ్యాను దగ్గుతూ మూలుగుతూ ఎక్కింది. మేం వెనక పసుపు దుమ్ములో తుమ్ముతూ కూర్చున్నాం.

భీమ్‌గల్ ఇవతల గుట్ట పక్కన వేపచెట్ల నీడలో ఆపాడు. వెనక తలుపులు తెరిచి, తను ఇంటినుంచి తెచ్చిన కిరసనాయిలు స్టవ్వు లోపల మూలకు పెట్టి, చాయపత్త, చక్కెర, పాల సీసా వరుసగా పేర్చాడు. తర్వాత దిగి, చేతులు దులుపుకుని, అత్తమ్మతో అన్నాడు.

"ఇగ ఎక్కు. చాయ పెట్టు."

అత్తమ్మ ఎక్కింది. నిలబడితే నెత్తికి కొక్కేలు. గొంతుకూర్చుని స్టవ్వుకు పంపు కొట్టింది. గాలికి మంట నిలవలేదు. గాలి రాకుండా మా మామ తలుపులు మూశాడు. కాసేపటికి లోపలినుంచి దగ్గు వినిపించింది, తర్వాత గిన్నె చప్పుడు. తలుపు తోసుకుని పొగతోపాటు ఆమె దిగింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, చెట్టుకింద చద్దరు పరుచుకుని కూర్చుంది.

"చాయేది?" అన్నాడు మా మామ.

"పండుమంటే అండ్ల పంట. కూసోమంటే కూసుంట. వండుమంటే మాత్రం వండ," అంది ఆమె. "లగ్గమైన కాన్నుంచి పొయ్యి కాన్నే ఉన్న. ఊర్లు చూపెడ్తనని తోల్కొచ్చి మల్ల పొయ్యి కాన్నే కూసోవెడ్తవా? గీ పొయ్యికంటె మనింట్ల పొయ్యే నయం. నిలవడనీకన్న వస్తది."

"మరి వండుడు ఎవలు వండుతరు?"

ఆమె కాస్త ఆలోచించి అడిగింది. "గా దొరలోళ్ల బండి కాడ చాయ తాగిన తాగిన అని ఊరంత చెప్తవు గద. గా చాయ ఎవలు పెట్టిండ్రు?"

మా మామ స్టవ్వు వైపు చూశాడు, గుట్ట వైపు చూశాడు.

"ఎవలు?"

"గా దొరనే," అన్నాడు మెల్లగా.

ఇన్నేళ్లుగా వింటున్న కథలో ఆ ముక్క ఆయన ఎన్నడూ చెప్పలేదు. మా ఆవిడ నవ్వు ఆపుకోలేక వ్యాను అవతలికి వెళ్లిపోయింది. తిరుగు ప్రయాణంలో ఆయన ఒక్క హారను కూడా కొట్టలేదు. దారిలో ఒక హోటలు ముందు ఆపి అందరికీ చాయ తెప్పించాడు.

ఇంతటితో ఈ వ్యాను గొడవ తీరిందనుకున్నాను. తీరలేదు. మర్నాడు పొద్దున్నే గేటు గొళ్లెం చప్పుడైంది. ఈసారి ఆదివారం కూడా కాదు. మా మామ పాల ప్యాకెట్టు పట్టుకుని నిలబడ్డాడు.

"బిడ్డా, చాయ పెట్టుడు జర నేర్పియ్యి," అన్నాడు మా ఆవిడతో. తన ఇంట్లో నేర్చుకోవడానికి అత్తమ్మ ముందు నామోషీ.

ఆ తర్వాత ఎన్నాళ్లు మా ఇంట్లో పాలు పొంగాయో, ఎన్ని గిన్నెలు మాడాయో నాకు తెలుసు. ఆయన చేసిన చాయ తాగి బడికి పోయేవాణ్ని, ఆయన వండిన అన్నం టిఫిను డబ్బాలో పట్టుకుపోయేవాణ్ని. ఒకరోజు ముద్ద, ఒకరోజు పలుకు. "ఎట్లున్నది?" అని గుమ్మంలో నిలబడి అడిగేవాడు. బాగుందంటే "నిజం చెప్పు" అనేవాడు. నిజం చెబితే ముఖం మాడ్చుకునేవాడు. ఒక సాయంత్రం అలిసిపోయి ఇంటికొస్తే, మునక్కాయ పప్పు కలియబెడుతూ ఆయన మళ్లీ మొదలుపెట్టాడు.

"ఇగ కొందామంటవా అల్లుడా?"

నాకు నిజంగానే కోపం వచ్చింది. "నన్ను అడగకుండ్రి మామా. నేను అండ్ల పండేటోణ్ని కాదు, తిరిగేటోణ్ని కాదు. అడగాల్సిన మనిషి మీ ఇంట్ల ఉన్నది. పోయి అడుగుండ్రి."

మామ గరిటె పక్కన పెట్టి ఇంటికి పోయాడు. నేను మరీ గట్టిగా అన్నానని మా ఆవిడ ఆ రాత్రి నాకు ఆ పప్పే వడ్డించింది.

అడిగాడట. అత్తమ్మ మర్నాడు మధ్యాహ్నం ఆటో ఎక్కి, ఒక్కతే పెర్కిట్ పోయింది. బ్యాండు మాస్టరుతో కాదు, ఆయన భార్యతో మాట్లాడింది. ఇంటి ముందు ఆ వ్యాను అడ్డంగా ఉండి, వడియాలు ఎండబెట్టుకోవడానికి జాగా లేక ఆమె ఎప్పటినుంచో విసిగి ఉంది. మాస్టరు ఇంటికి వచ్చేసరికి మాట అయిపోయింది. కొక్కేలు పీకించి ఇవ్వాలి, లోపలంతా నీళ్లుపోసి కడిగించాలి, ఇంకో రెండు కిటికీలు పెట్టించుకోవడం మా ఖర్చు. మూఢంలో బండి ఇంటికి తెస్తారా అని మా మామ గొణిగితే, "నాకేమన్న లగ్గం చేస్తున్నవా?" అని అడిగిందట. అదే వారం వ్యాను మా మామ ఇంటి ముందుకొచ్చింది.

నెలల తరబడి నేను పెర్కిట్‌కు తిరిగిన తిరుగుడంతా ఒక్క మధ్యాహ్నంలో తేలిపోయిందని సంతోషించాలో, తల గోడకు కొట్టుకోవాలో తెలియలేదు. వడ్రంగిని పిలిచి మంచం చేయించారు, మంచం కింద సామాన్ల పెట్టెలు, వెనక తలుపు దగ్గర స్టవ్వుకు ఒక గట్టు. నేల మీద నిలబడి బయటినుంచే వండుకునేలా ఆ గట్టు పెట్టించింది అత్తమ్మే. కడిగినా పసుపు మాత్రం పూర్తిగా పోలేదు.

మొదటిసారి నాగార్జునసాగరు పోయారు. వారం దాటాక తిరిగొచ్చారు. ఆ ఆదివారం మా ఇంటికి ఇద్దరూ కలిసే వచ్చారు. డ్యాము ఎంత పెద్దదో, నీళ్లు ఎట్లా దూకుతున్నాయో చెబుతారని ఎదురుచూశాను. మా మామ కుర్చీలో కూర్చోగానే ఫిర్యాదు మొదలుపెట్టాడు.

"మీ అత్తమ్మకు చెప్పు అల్లుడా. పొద్దుగాల లేచి నేను అన్నం, పప్పు వండితే, ఆమె ప్రతి ఊర్ల హోటల్ల ఇడ్లి తిన్నది."

"పప్పుల ఉప్పుంటే తింటుండె," అంది అత్తమ్మ.

"ఉప్పు ఏసిన!"

"ఏసినవు. చాయల ఏసినవు."

ఇద్దరూ నా వైపు తిరిగారు. ఎవరిది తప్పో నేనే తేల్చాలట. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, నా ముఖం చూసి, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. నేను పత్రిక మడిచి, చెప్పులు వేసుకుని, మార్కెట్లో కూరగాయలు తేవాలన్న వంకతో బయటపడ్డాను. నేను తిరిగి వచ్చేసరికి వాళ్లు వెళ్లిపోయారు. వచ్చే నెల సముద్రం చూడటానికి పోతున్నారని మా ఆవిడ చెప్పింది.