గ్లాసు పట్టుకున్న చెయ్యి

ఖరగ్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ రూములో నా డాక్యుమెంటరీని లాప్‌టాప్‌లో చూసుకుంటున్నాను. సినిమా పాటల్లో వెనక వరసలో ఆడిన డాన్సర్ల కథ అది. తెరమీద ఒక ముసలి డాన్సరు ఏడుస్తోంది. నేను తీసినవాటిలోకల్లా మంచి షాట్ అదేనని నా గర్వం.

అంతదాకా టీ అమ్మే అతనితో బెంగాలీలో మాట్లాడుతున్న పెద్దావిడ, నా లాప్‌టాప్‌లోంచి తెలుగు మాటలు వినగానే తెర వైపు తిరిగింది.

“అంతలా ఏడుస్తంటే నీళ్ళయినా ఇవ్వనేదేటి, బాబూ?”

“ఇచ్చానమ్మా. షాట్‌లో నా చెయ్యి పడిందని ఎడిటింగ్‌లో తీసేశాను.”

“మంచిపని తీసేసి ఏడుపుంచినావేటి?” అంటూ ఆవిడ తన బండి కోసం లేచి వెళ్ళిపోయింది.

ఇప్పుడా సినిమాలో గ్లాసు పట్టుకున్న నా చెయ్యి కనిపిస్తుంది. కత్తిరించడం మరిచిపోయారా అని సాటి దర్శకులు అడుగుతారు. నేను తీసినవాటిలోకల్లా మంచి షాట్ అదేనని చెబుతాను.